దిగువన నిలబడే మనిషి

బాప్తిస్మానికి పేరు ఇచ్చేవాళ్ళు లేచి నిలబడండి అని పాస్టర్ అయ్యగారు పిలిచినప్పుడు, మిర్యాలగూడ చర్చిలో ఆ ఆదివారం ముగ్గురు లేచారు. ఇద్దరు ఇంటర్ చదువుతున్న ఆడపిల్లలు. మూడో మనిషి కాటమ్మ.

కాటమ్మ లేచిందంటే మొదట ఎవరికీ నమ్మకం కుదరలేదు. కాలు తిమ్మిరెక్కి లేచిందేమో అనుకున్నారు. పాతికేళ్ళుగా ఆమె అదే గోడ వారన, అదే చాప మీద కూర్చుంటోంది. పాటలన్నీ నోటికొచ్చు. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు అందరికంటే ముందు వచ్చి చర్చి ఊడ్చేది ఆమే. అయినా నీళ్ళలో మునగాలనేసరికి ఏదో ఒక సాకు చెప్పి తప్పుకునేది. ఒక ఏడు జ్వరం, ఒక ఏడు బిడ్డ పురుడు, ఒక ఏడు ఏ సాకూ దొరక్క ఉత్త ఏడుపు.

ఆమె భర్త బుచ్చయ్య సంఘపెద్ద. నెల మొదటి ఆదివారం ప్రభు భోజనంలో రొట్టె పళ్ళెం పట్టుకుని వరుసల మధ్య నడిచేది ఆయనే. బాప్తిస్మం లేనివాళ్ళకు రొట్టె ఇవ్వరు గనుక, సొంత భార్య దగ్గరికి వచ్చేసరికి పళ్ళెం కాస్త పైకెత్తి పక్కామెకు అందించేవాడు. ఆ రెండడుగులు దాటడం ఆయనకు రెండు బస్తాలు మోసినంత బరువు.

అందుకే కాటమ్మ లేవగానే ఆయన గుండె ఒక్కసారి పొంగింది. "హల్లెలూయా!" అని ఆయన వేసిన కేకకు కిటికీ మీది పిచ్చుక లేచిపోయింది.

"అయ్యగారూ, ఒక్క మాట," అంది కాటమ్మ. చేతిలో కొంగు నలుపుతోంది. "నన్ను నీళ్ళల్ల శీలన్న పట్టుకుంటేనే దిగుత. లేకుంటే నాతోని కాదు."

ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో చిన్నగా దగ్గారు.

వేములపల్లి దారిలో, సాగర్ ఎడమ కాలువ నుంచి విడిపోయే పిల్లకాలువకు మెట్లున్న చోట ఈ సంఘం బాప్తిస్మాలు జరుగుతాయి. అయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. ఎగువన మొదటి మెట్టు మీద నిలబడి మాట చెప్పడం వరకే ఆయన పని. దిగువన నడుము లోతులో నిలబడి, మనిషి మెడ కింద ఒక చెయ్యి, ముడుచుకున్న చేతుల మీద ఒక చెయ్యి వేసి, వెల్లకిలా ముంచి, ఉరవడికి ఎదురుగా పైకి లేపే మనిషి ఇంకొకడుండాలి. పందొమ్మిదేళ్ళుగా ఆ మనిషి బుచ్చయ్య. లావుపాటి మనుషుల్ని, వణికే ముసలివాళ్ళను, నవ్వాపుకోలేని పిల్లల్ని అందరినీ ముంచి లేపాడు. ఒక్కరి కాలు కూడా జారనివ్వలేదు.

అయ్యగారు ఆయన వైపు చూశారు. ఏమనాలో తెలియనప్పుడు చర్చిలో అనడానికి ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. బుచ్చయ్య అదే అన్నాడు.

"దేవుని చిత్తం."

శీలన్న అనే జయశీలరావుది కోదాడ. ప్రభుత్వ దవాఖానలో నర్సు. మిర్యాలగూడకు వచ్చి ఏడాదిన్నర అయింది. సన్నటి మనిషి. చేతి గోళ్ళు ఎప్పుడూ పొట్టిగా, తెల్లగా ఉంటాయి. ప్రార్థన చేస్తే పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా చెవి ఒగ్గితేనే వినపడుతుంది. అలాంటిది, ఒంట్లో బాగాలేనివాళ్ళు ఈ మధ్య ఆయన్నే పిలుస్తున్నారు. "శీలన్న వచ్చి కూసుంటే నిమ్మలమైతది," అంటున్నారు. బుచ్చయ్య ప్రార్థిస్తే నాలుగిళ్ళ అవతల కుక్కలు మొరిగేవి. వాక్యంలో ఆయనకు బాగా నచ్చిన చోటు ప్రభువు కొరడా పేని గుడిలోని వ్యాపారుల్ని తరిమిన చోటు. శీలన్నను మాట్లాడమంటే మాత్రం పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్న చోటు చెబుతాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు.

ఇన్నాళ్ళూ అది ముల్లులా గుచ్చుకుంటున్నా బుచ్చయ్య ఓర్చుకున్నాడు. ఇప్పుడు ముల్లు విరిగి లోపలే ఉండిపోయింది.

ఇంటి ముందు బండి స్టాండు వేస్తూనే మొదలుపెట్టాడు.

"పందొమ్మిదేండ్లల్ల ఎవల్నన్న ముంచి మర్సిన్నా నేను?"

"మర్వలే."

"ఎవల మెడన్న పట్టేసిందా?"

"లేదయ్యా."

"మరి నడి సంఘంల నా ఇజ్జత్ ఎందుకు తీసినవ్? కట్టుకున్నోడు గీడ దున్నపోతు లెక్క నిలబడి ఉంటే, సూదులేసేటోడు కావాల్నా నీకు?"

కాటమ్మ బియ్యం చేటలో పోసుకుని గడప మీద కూర్చుంది. రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండానే అంది.

"సూర్యాపేట దవాఖాన యాదికున్నదా? కడుపుల రాళ్ళకు ఆపరేషన్ అయినప్పుడు?"

"ఎందుకు లేదు?"

"నా మొఖం మీద ఆక్సిజన్ మాస్కు పెట్టిండ్రు. ఊపిరి ఆడక నేను కొట్టుకుంటున్న. అందరు కలిసి ఒత్తి పట్టిండ్రు. కాళ్ళు పట్టింది నువ్వే. 'ఏం గాదు, ఏం గాదు' అని ఒర్రుకుంట పట్టినవ్. అప్పుడు శీలన్న గాడనే పని చేస్తుండె. వచ్చి అందర్ని జరగమన్నడు. మాస్కు తీసి నా చేతిల పెట్టిండు. 'అక్కయ్యా, మీరే పట్టుకోండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు పెట్టుకోండి' అన్నడు. నేనే పెట్టుకున్న."

"గంతేనా?"

"గంతే." ఆమె ఒక రాయి ఏరి పారేసింది. "నీ చెయ్యి మంచిదే. గని నీ చెయ్యి పడ్డంక ఇగ నా పానం నా చేతిల ఉండదు. పెండ్లయిన రెండో ఏడు సూసిన గదా."

బుచ్చయ్యకు అర్థమైంది. కాటమ్మది తుంగతుర్తి పక్కన ఎండిన పల్లె. బావిలో చేద వేయడమే తప్ప పారే నీళ్ళు ఎరగదు. కాలువకు గొంగళ్ళు ఉతకడానికి పోయిన రోజు ఆమె మెట్టు మీదే నిలబడిపోతే, ఆయన నవ్వుతూ ఎత్తుకుపోయి కాలువ మధ్యలో మూడుసార్లు ముంచాడు. భయం పోగొట్టాలనే. ఆయన తండ్రి ఆయనకు ఈత నేర్పింది అలాగే. ఆ సాయంత్రం దాకా ఆమె నోరు విప్పలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ ముచ్చట ఆయన చుట్టాల దగ్గర నవ్వు కోసం చెప్పుకునేవాడు. ఆమె కూడా నవ్వేది. ఎలా నవ్వేదో ఆయన ఎప్పుడూ గమనించలేదు.

ఇప్పుడు గమనానికి వచ్చింది. అయినా అసూయ తగ్గలేదు. తప్పు మనదని తెలిసినంత మాత్రాన మంట చల్లారదు. ఒక్కోసారి ఇంకాస్త ఎగుస్తుంది.

సోమవారం రైస్ మిల్లులో ఆ సంగతి ఆయన కంటే ముందే చేరింది. బుచ్చయ్య అక్కడ హమాలీ మేస్త్రి. పదకొండు మంది ఆయన చేతి కింద బస్తాలు మోస్తారు. లారీ మీద నిలబడ్డ రమేష్ బస్తా అందుకుంటూ అన్నాడు.

"ఏంది మేస్త్రీ, మా వదినె పార్టీ మార్చిందట?"

మిగతావాళ్ళు పగలబడి నవ్వారు.

"కోదాడ పార్టీల చేరిందంటున్నరు. ఆంధ్రా పక్క గదా, మాట తియ్యగ ఉంటది మరి."

"నోర్మూసుకొని బస్తా ఎయ్యిరా," అన్నాడు బుచ్చయ్య. ఎప్పుడూ ఇద్దరు పట్టే బస్తాను ఒక్కడే ఎత్తి లారీలోకి విసిరాడు. బలం చూపించమని ఎవరూ అడగలేదు. సాయంత్రం నడుము పట్టేసింది.

మంగళవారం సాలి అనే ముసలమ్మ ఇంట్లో ప్రార్థన కూడిక. ఆమెకు మోకాలు వాచింది. బుచ్చయ్య ఆ రోజు మెత్తగా ప్రార్థించాలని నిర్ణయించుకుని పోయాడు. శీలన్న చేయగలిగింది తను చేయలేడా? కళ్ళు మూసుకుని, గొంతు బాగా తగ్గించి, పసిపిల్లను జోకొట్టినట్టు మొదలుపెట్టాడు. రెండు నిమిషాలకు సాలి కళ్ళు తెరిచింది.

"ఏం బుచ్చయ్యా, గొంతు పోయిందా? ఉప్పునీళ్ళు పుక్కిలియ్యి బిడ్డా."

చాప మీద కూర్చున్నవాళ్ళ భుజాలు కదిలాయి. శీలన్న మాత్రం నవ్వలేదు. వంచిన తల ఎత్తలేదు. ఆ నవ్వకపోవడమే బుచ్చయ్యను ఎక్కువ కాల్చింది. వాడు నవ్వినా బాగుండేది, కోప్పడడానికి ఒక దారి దొరికేది.

బుధవారం మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వస్తే తలుపుకు తాళం ఉంది. కాటమ్మ శీలన్న వాళ్ళింటికి పోయిందని పక్కింటివాళ్ళు చెప్పారు. బుచ్చయ్య నడుచుకుంటూ ఆ వీధికి పోయాడు. చాటుగా చూడాలని పోలేదని తనకు తాను చెప్పుకున్నాడు గానీ, ప్రహరీ పక్కన చెప్పులు చప్పుడు కాకుండా నిలబడింది మాత్రం నిజం.

వాకిట్లో ప్లాస్టిక్ టబ్బు నిండా నీళ్ళు. కాటమ్మ దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. శీలన్న భార్య సుకన్య ఆమె జడ పట్టుకుంది. శీలన్న నాలుగడుగుల దూరంలో ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ముట్టుకోవడం లేదు.

"భయమైతున్నది శీలన్నా."

"అవుతుంది అక్కయ్యా. భయం పోయేదాకా ఆగితే మనం ఎప్పటికీ దిగలేం. దాన్ని కూడా వెంటబెట్టుకునే దిగుదాం. ఎన్ని అంకెలు ఉండగలరు?"

"మూడు."

"మూడే ఉండండి. మీరే లెక్కపెట్టుకోండి. నేను పెట్టను."

కాటమ్మ మొహం నీళ్ళలో పెట్టింది. వెంటనే లేచింది. దగ్గింది. నవ్వింది. చిన్నపిల్ల బడిలో మొదటిసారి అక్షరం దిద్దినట్టు ఇద్దరి మొహాలూ చూసింది.

"మూడు కాలే. రెండే."

"నిన్న ఒకటే కదా," అంది సుకన్య.

ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆ చూపు తన వైపు ఒక్కసారి కూడా రాలేదని బుచ్చయ్యకు అనిపించింది. నిజానికి వచ్చే ఉంటుంది. అసూయకు జ్ఞాపకశక్తి తక్కువ. అన్నం తినకుండానే మిల్లుకు తిరిగి పోయాడు.

శుక్రవారం వేములపల్లి దారిలో టీ కొట్టు దగ్గర లష్కర్ హన్మా కలిశాడు. కాలువ గేట్ల కాపలా ఆయన పని.

"ఏం మేస్త్రీ, ఈ ఆదివారం ముంచుడు పెట్టుకున్నరట గదా? జర పైలం. చివరి భూములకు నీళ్ళు అందుతలేవని రైతులు లొల్లి చేసిండ్రు. రేపు మాపటికి గేట్లు లేపుతున్నం. మీ మెట్ల కాడ ఛాతీ దాక వస్తయ్. ఉరుకుడు గూడ మస్తుంటది. వచ్చే వారానికి జరుపుకోండ్రి."

"మంచిది హన్మా, చెప్త అయ్యగారికి," అన్నాడు బుచ్చయ్య.

చెప్పలేదు.

చెప్పకూడదని ఆయన అనుకోలేదు. చెబుదాంలే అనుకుంటూ టీ తాగాడు. చెబుదాంలే అనుకుంటూ ఇంటికి వచ్చాడు. ఈ లోపల మనసులో ఒక బొమ్మ కదలడం మొదలైంది. ఛాతీ లోతు నీళ్ళలో శీలన్న. పట్టు దొరక్క తడబడే సన్నటి కాళ్ళు. అందరూ గట్టు మీద నుంచి "బుచ్చయ్యా!" అని కేకలు. తను దూకి, ఒక చేత్తో కాటమ్మను, ఇంకో చేత్తో వాణ్ణి పట్టి గట్టెక్కించడం. కాటమ్మకు ఏం కాదు. తను అక్కడే ఉంటాడు కదా. ఒక్క అడుగు తడబడితే చాలు.

శనివారం అయ్యగారు ఫోన్ చేశారు. "బుచ్చయ్యా, కాలువల నీళ్ళెట్లున్నయ్?"

పందొమ్మిదేళ్ళుగా ప్రతి బాప్తిస్మానికి ముందు రోజు అడిగే ప్రశ్న అదే. నీళ్ళ సంగతిలో ఆయన మాట మీద సంఘంలో ఎవరూ రెండో మాట అడగరు.

"ఎప్పటిలెక్కనే ఉన్నయ్ అయ్యగారూ," అన్నాడు.

ఆదివారం పొద్దున రెండు ఆటోల్లో, పది పన్నెండు బండ్ల మీద జనం కాలువకు చేరారు. చికెన్ బిర్యానీ గుండిగ ట్రాలీలో వెనకాల వచ్చింది. యాసంగి వరి పచ్చగా ఊగుతోంది. ఎప్పుడూ ఆరు మెట్లు కనపడే చోట ఆ రోజు మూడే కనపడుతున్నాయి. నీళ్ళు ఎర్రగా, చప్పుడు లేకుండా, గబగబా పోతున్నాయి.

"జర పెరిగినట్టున్నయ్ గదా?" అన్నారు అయ్యగారు కళ్ళద్దాలు సర్దుకుంటూ.

"జర పెరిగినయ్," అన్నాడు బుచ్చయ్య.

పెద్దామెను ముందు పంపుదాం, పిల్లలకు ధైర్యం వస్తుందని అయ్యగారు అన్నారు. శీలన్న తెల్ల అంగీ తొడుక్కుని మెట్లు దిగాడు. నడుము దాటింది. పొట్ట దాటింది. ఛాతీ దగ్గర ఆగాడు. అంగీ ఉబ్బి దిగువకు లాగుతోంది. ఆయన పెదవులు తెల్లబడ్డాయి. వెనక్కి తిరిగి, అందరికీ వినపడేటట్టే అన్నాడు.

"బుచ్చయ్య అన్నయ్యా, మీరు కూడా దిగుతారా? నాకు ఈ నీళ్ళు ఆగట్లేదు. మీరు దిగువన ఉంటే తప్ప నేను అక్కయ్యను పట్టుకోలేను."

వారం రోజులుగా బుచ్చయ్య వినాలనుకున్న మాట అది. దాన్ని గుంజుకోవాలనుకున్నాడు. శీలన్న ఏ సిగ్గూ లేకుండా చేతిలో పెట్టి ఇచ్చేశాడు.

బుచ్చయ్య ఒక మెట్టు దిగాడు. అప్పుడు కాటమ్మను చూశాడు. తెల్ల చీరకు భుజం దగ్గర, నడుము దగ్గర పిన్నీసులు పెట్టుకుని ఆమె రెండో మెట్టు మీద నిలబడి ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెట్టుకుంటోంది. ఒకటి, రెండు, మూడు. మళ్ళీ ఒకటి, రెండు, మూడు. నీళ్ళు ఎంత లోతున్నాయో ఆమె చూడలేదు. అది చూసుకోవలసినవాళ్ళు చూసుకున్నారని నమ్మి, తన వంతు తను నేర్చుకుంటోంది. కళ్ళు మూసుకునే మూడో మెట్టు మీదికి కాలు చాపింది.

"ఆగు!" అని అరిచాడు బుచ్చయ్య. "కాటమ్మా, దిగకు! ఆగు!"

కాలువ అవతలి పొలంలో కలుపు తీస్తున్నవాళ్ళు కూడా నడుములెత్తి చూశారు. కాటమ్మ కాలు గాలిలోనే ఆగింది.

"శీలన్నా, నువ్వు గూడ మీదికి రా. మెట్టు పట్టుకొని రా." ఆయన అయ్యగారి వైపు తిరిగాడు. "అయ్యగారూ, నిన్న మాపటికి గేట్లు లేపిండ్రు. హన్మా శుక్రవారమే చెప్పిండు నాకు. నేను చెప్పలే. మీరు ఫోన్ల అడిగితే అబద్ధం చెప్పిన."

"ఎందుకు బుచ్చయ్యా?" అయ్యగారికి నిజంగానే అర్థం కాలేదు.

"శీలన్న జారాలని."

నీళ్ళ మీద ఒక అరటి దొప్ప కొట్టుకుపోయింది.

శీలన్న నీళ్ళు కారుతూ మెట్లెక్కి వచ్చాడు. అయ్యగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే నాయనా, సాతాను శోధన. ప్రార్థన చేసుకొని..." అంటుండగానే శీలన్న తల అడ్డంగా ఊపాడు.

"లేదు అయ్యగారూ. సాతాను మీద పెట్టొద్దు. అన్నయ్య పేరే పెట్టండి." గొంతు ఎప్పటిలా మెల్లగానే ఉంది. కానీ ఆ రోజు చివరన నిలబడ్డవాళ్ళకు కూడా వినపడింది. "అన్నయ్యా, కోపం నా మీద ఉంటే నాతో పోయేది. అక్కయ్యను మధ్యలో ఎందుకు పెట్టారు? ఎంతో కష్టపడి ఈ మెట్టు దాకా వచ్చింది. ఇది చిన్న తప్పు అని నేను అనను. క్షమించమంటే క్షమిస్తాను. చిన్నదని మాత్రం అనను."

ఆ మనిషి ఇంత గట్టిగా ఉండగలడని బుచ్చయ్యకు తెలియదు. తనైతే ఈ మాట అరిచి చెప్పేవాడు, అరుపులో సగం మాట పోయేది. ఆ స్థితిలో కూడా ఆయనకు మళ్ళీ అసూయే కలిగింది.

కాటమ్మ ఆయన పక్కనుంచే నడిచిపోయి ఆటోలో కూర్చుంది.

వండిన బిర్యానీ పారేయలేరు గనుక గట్టు మీదే విస్తళ్ళు వేశారు. బుచ్చయ్య దూరంగా తుమ్మ చెట్టు కింద కూర్చున్నాడు. సాలి వాచిన మోకాలు ఈడ్చుకుంటూ వచ్చి ఒక విస్తరి ఆయన ముందు పెట్టింది.

"తిను. పాపం చేసినోనికి గూడ ఆకలైతది."

లెగ్ పీస్ కూడా వేసింది.

ఆరు నెలలు రొట్టె పళ్ళెం ముట్టొద్దని, ముందు నిలబడి ప్రార్థన చేయొద్దని అయ్యగారు తీర్పు చెప్పారు. బుచ్చయ్య సరేనన్నాడు. ఆ మాట అనడం అనుకున్నంత కష్టం కాలేదు. ఇంట్లో మౌనమే కష్టమైంది. కాటమ్మ అయిదు రోజులు మాట్లాడలేదు. కానీ పొద్దున్నే ఆయన స్నానానికి నీళ్ళు కాగబెట్టడం మానలేదు. ఆ బకెట్టు ముందు కూర్చుని ఆయన రోజూ కాసేపు ఊరికే ఉండిపోయేవాడు.

ఆరో రోజు శీలన్న మిల్లుకు వచ్చాడు. డ్యూటీ దిగి అటే వచ్చినట్టున్నాడు, భుజాన టిఫిన్ సంచి ఉంది. హమాలీలు ఒకరినొకరు చూసుకున్నారు. రమేష్ నోరు తెరవబోయి బుచ్చయ్య మొహం చూసి మూసుకున్నాడు.

ఇద్దరూ తవుడు బస్తాల మీద కూర్చున్నారు.

"నేను మంచివాణ్ణి అని అందరూ అంటారు అన్నయ్యా," అన్నాడు శీలన్న. "అందులో సగం పిరికితనం. సూర్యాపేటలో ఉన్నప్పుడు ఒక పెద్దాయన రాత్రంతా నొప్పితో మూలిగాడు. డాక్టర్ని లేపి గట్టిగా అడగవలసింది. కోప్పడతాడని ఊరుకుని, ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి పట్టుకున్నందుకు వాళ్ళవాళ్ళు నాకు దండం పెట్టారు. ఆ దండం నన్ను ఇప్పటికీ నిద్ర పోనివ్వదు. మీరైతే దవాఖాన పైకప్పు లేచిపోయేలా అరిచేవారు. మొన్న 'ఆగు' అన్నారే, ఆ గొంతు నాకుంటే బాగుండునని ఆ నీళ్ళలో నిలబడి అనుకున్నాను."

తన మీద ఈ మనిషికి అసూయ. బుచ్చయ్యకు మొదట నమ్మకం కలగలేదు. తర్వాత లోలోపల సంతోషమేసింది. సంతోషపడ్డందుకు సిగ్గేసింది. బస్తా మీది నుంచి లేచి, "చాయ్ తాగుతవా?" అన్నాడు.

ఆ సాయంత్రం కాటమ్మ నోరు విప్పింది. బుచ్చయ్య కాళ్ళు కడుక్కుంటుంటే గుమ్మంలో నిలబడి అంది.

"ఇంకో పదిహేను రోజులైతే గేట్లు బంద్ చేస్తరట. హన్మాను నేనే అడిగిన. ఇగ నీళ్ళ సంగతి నేనే అడుగుత."

"మంచిది."

"శీలన్న పట్టుకుంటడు. నువ్వు దిగువన నిలబడాలె."

బుచ్చయ్య తల ఎత్తాడు.

"నిలబడాలె గని ముట్టొద్దు. నేను పిలిస్తేనే చెయ్యి పెట్టాలె. పిల్వకుంటే పెట్టొద్దు. అయితదా నీతోని?"

"అయితది."

"మునిగినప్పుడు కాళ్ళు కొట్టుకుంటనేమో. అయినా ముట్టొద్దు."

"కాటమ్మా, మరీ కొట్టుకుంటే?"

"పిలుస్త గదా. నోరున్నది నాకు."

చెప్పినట్టే పదిహేను రోజుల తర్వాత కాలువ నెమ్మదించింది. ఆరు మెట్లూ బయటపడ్డాయి. ఈసారి బిర్యానీ లేదు, పులిహోర. అయ్యగారు మొదటి మెట్టు మీద నిలబడ్డారు. నడుము లోతు నీళ్ళలో శీలన్న. అతనికి దిగువన ఒక బారెడు దూరంలో బుచ్చయ్య, రెండు చేతులూ నీళ్ళ కింద, అరచేతులు పైకి చాపి.

కాటమ్మ దిగింది. వస్తూ ఒకసారి ఆయన్ను చూసింది. చేతులు ఎక్కడున్నాయో చూసుకుంది. తర్వాత శీలన్న వైపు తిరిగి, తన మెడ వెనక అతని అరచెయ్యి తనే తీసి పెట్టుకుంది.

అయ్యగారు మాట చెప్పారు. శీలన్న తొందరపెట్టలేదు. ఆమె ఎప్పుడు వాలుతుందో ఆమెకే వదిలేశాడు. గట్టు మీద పాట ఒక చరణం అయిపోయి రెండోది మొదలైంది. కాటమ్మ ఊపిరి పట్టి వెనక్కి వాలింది. నీళ్ళు మొహం మీద కలుసుకున్నాయి. ఆమె కాలు ఒకటి పైకి తన్నుకుంది. ఆ మడమ బుచ్చయ్య అరచేతికి జానెడు దూరంలోకి వచ్చింది.

నలభై ఏళ్ళ పనిలో ఆయన ఎన్నో బరువులు ఎత్తాడు. చేతులు కదపకుండా ఉంచడమంత బరువు ఏదీ లేదు. అరచేతులు అక్కడే ఉంచాడు. ఆమె పిలవలేదు.

లేచింది. దగ్గింది. మొహం మీది నీళ్ళు తుడుచుకుని, "నాలుగు లెక్కపెట్టిన!" అని అరిచింది. గట్టు మీద చప్పట్లు, నవ్వులు, హల్లెలూయాలు. ఆమె శీలన్న చెయ్యి వదిలేసింది. భర్త వైపు తల ఊపి, "అంతే గదా?" అన్నట్టు ఒకసారి చూసి, ఎవరి ఆసరా లేకుండా తడి చీర పట్టుకుని మెట్లెక్కిపోయింది. ఆడవాళ్ళు దుప్పటి కప్పి చుట్టుముట్టారు.

నీళ్ళలో మగవాళ్ళిద్దరే మిగిలారు. మెడ వెనక చెయ్యి పెట్టింది వాడే కదా అని బుచ్చయ్య లోపల ఏదో ఒక మూల ఇంకా చురుక్కుమంటూనే ఉంది. పైకి పోదామని తిరిగాడు. శీలన్న కదల్లేదు.

"ఏమైంది?"

"అన్నయ్యా," అన్నాడు శీలన్న, గట్టు మీదివాళ్ళకు వినపడకుండా. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "కాళ్ళు రావట్లేదు. నాకు ఈత రాదు. చిన్నప్పటి నుంచీ నీళ్ళంటే భయం."

బుచ్చయ్య అతన్ని ఎగాదిగా చూశాడు.

"అట్లయితే ఎట్ల దిగినవ్ర నాయనా? రెండు సార్లు?"

"అక్కయ్య అడిగింది కదా."

ఒక్క గుంజు గుంజితే సన్నటి మనిషి గట్టు మీద పడేవాడు. బుచ్చయ్య గుంజలేదు. పక్కకు వచ్చి, మోచెయ్యి వంచి ముందుకు చాపాడు.

"నువ్వే పట్టుకో," అన్నాడు. "జల్ది ఏం లేదు. నువ్వెప్పుడంటే అప్పుడు పోదాం."

గట్టు మీద పాట అయిపోయింది. ఇంటర్ పిల్లలిద్దరూ తమ వంతు కోసం మెట్ల మీద నిలబడి ఒకరినొకరు ముందుకు తోసుకుంటున్నారు. శీలన్న ఆ మోచేతిని రెండు చేతులా పట్టుకుని, ఒక అడుగు వేసి ఆగాడు. బుచ్చయ్య కూడా ఆగాడు.